చైల్డు దొరకో విగ్రహం

ఓరెగన్ జనం ఉత్త అమాయకులు. అమెరికా పడమటి ఒడ్డునున్న ఆ రాష్ట్రంలో 1906 జూన్ 4న ఓ ప్రశ్న బ్యాలెట్ మీదికెక్కింది. ఊరికి మునిసిపల్ చార్టర్ రాసేదీ, దిద్దేదీ, రద్దు చేసేదీ ఎవరు? శాసనసభా, ఊరివాళ్లా? సంతకాలు పోగేసి ఆ ప్రశ్నను అక్కడిదాకా మోసుకొచ్చింది కూడా జనమే. ఓట్లేశారు, నెగ్గారు. ఇకమీదట శాసనసభ ఏ ఊరి చార్టర్‌నూ ముట్టుకోరాదు, ఆ పని ఆ ఊరి ఓటర్లదే అని రాష్ట్ర రాజ్యాంగంలో రాయించుకున్నారు.

ఎందుకొచ్చిన శ్రమ? ఒక్క జాబు ముక్క మా చెన్నపట్నానికి రాసుంటే సులువు మేం చెప్పేవాళ్లం. 1688 నుంచి మాకు కార్పొరేషన్ ఉంది. లండన్‌ను మినహాయిస్తే కామన్‌వెల్త్‌లో ఇంత పాతది మరొకటి లేదని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకుంటాం. ఇన్నేళ్లలో ఈ ఊరి కార్పొరేషన్‌కు అధికారాలు ఎవరి చేతిమీదుగా రావాలన్న ప్రశ్న సూటిగా చర్చకొచ్చింది ఒక్కసారే. ఆ చర్చ కూడా ఇక్కడ కాదు, లండన్‌లో. కూర్చున్నది ఒక రాజు, ఆయన మంత్రులు, ఒక వర్తకుడు. నెగ్గినది వర్తకుడు.

ఆ వర్తకుడి పేరు సర్ జోసయ్య చైల్డ్. లండన్‌లో ఈస్టిండియా కుంపిణీకి గవర్నరు. ఈ ఊళ్లో ఆయన పేరు మీద ఒక సందైనా లేకపోవడం మన కృతఘ్నత అని నా ఫిర్యాదు. కారణాలు చెబుతాను.

గొడవ ఇంటిపన్నుతో మొదలైంది. (ఈ ఊళ్లో ఏ గొడవైనా అక్కడే మొదలవుతుంది.) కోట గోడలకూ కాపలాకూ అయ్యే ఖర్చు కోట బయటి నల్లవాళ్ల పేట, అంటే బ్లాక్‌టౌన్, భరించాలని కుంపిణీ డైరెక్టర్ల పట్టుదల. 1686లో విలియం గిఫర్డ్ గవర్నరుగా ఉండగా పన్ను వసూలుకు దిగితే కులపెద్దలు, వృత్తులవాళ్లు ఏకమై ఎదురు తిరిగారు. ఊళ్లోకి సరుకు రావడం ఆగింది. గవర్నరు టముకు వేయించి, ఇళ్లు పడగొట్టిస్తానని బెదిరిస్తే తాత్కాలికంగా తగ్గారు. బెదిరింపుతో పేట లొంగిందే కానీ పన్నుల పెట్టె మాత్రం నిండలేదు.

ఇక్కడే చైల్డు బుర్ర పాదరసంలా పనిచేసింది. 1687లో లండన్ నుంచి మదరాసుకు వచ్చిన ఉత్తరం సారాంశం ఇది. నేటివులనూ కొందరు ఇంగ్లీషువాళ్లనూ కలిపి ఒక కార్పొరేషన్ పెట్టండి. కులపెద్దల్లో కొందరిని ఆల్డర్మెన్ (సభలో పెద్దలు) చెయ్యండి, ఇంకొందరిని బర్జెసులు (సభ్యులు) చెయ్యండి. కాస్త అధికారం చేతికొస్తే మురిసిపోవడం మనిషి నైజం కదా, మురవనివ్వండి. మన నిరంకుశాధికారంతో ఆరు పెన్నీలు అడిగితే ఏడ్చేవాళ్లు, తమ మీద తామే పన్ను వేసుకుంటున్నామనుకుంటే అయిదు షిల్లింగులు నవ్వుతూ కడతారు. మన ఏలుబడిలో పిసరంతైనా తరగదు. అవసరమైనప్పుడు పగ్గం ఎలాగూ మన చేతిలోదే.

అయిదు షిల్లింగులంటే అరవై పెన్నీలు. ఆరుకు పదింతలు. స్థానిక స్వపరిపాలన వల్ల లాభమెంతని అడిగే రాజనీతి విద్యార్థులు ఈ లెక్క రాసుకోవచ్చు. నిరంకుశాధికారం అన్నది కూడా నేను తగిలించిన విశేషణం కాదు, ఆ ఉత్తరంలో వాళ్లు తమ గురించి తామే వాడుకున్నది. ఆ కాలపు దొరల్లో ఈ సుగుణం ఉండేది, దోపిడీని దోపిడీ అనే రాసుకునేవారు. ఇప్పటివాళ్లు దానికి ‘సంస్కరణ’ అని పేరు పెట్టి పైన ముఖ్యమంత్రి బొమ్మ వేస్తారు.

సరే, కార్పొరేషన్ పెడదామనుకున్నారు. చార్టర్ ఎవరివ్వాలి? ఇంగ్లండులో ఊళ్లకు అలాంటివి రాజే ఇస్తాడు. మదరాసు చార్టర్ కూడా రాజముద్రతో నేరుగా రాజు పేరు మీదే వెళ్తే బాగుంటుందేమో అని కొలువులో ఒక మంత్రిగారికి సందేహం వచ్చింది. రెండో జేమ్స్ రాజు చైల్డు వంక తిరిగి, నీ మాటేమిటన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు వాపోతుంటారు. ఇక్కడ పూజారి ఇంకో మెట్టెక్కాడు. స్వామీ, వరం మీరివ్వకండి, నా చేత్తో ఇప్పించండి అన్నాడు. నేరుగా రాజుగారి నియామకమంటే అక్కడివాళ్లకు గౌరవం గాలిలా తలకెక్కుతుందట. కన్నూమిన్నూ కానరారు. చివరికి కుంపిణీయే వాళ్లను తీసెయ్యాల్సి వస్తుంది, వాళ్లకూ మంచిది కాదు, మనకూ మంచిది కాదు. రాజు తలూపాడు. 1687 డిసెంబరు 30న కుంపిణీ ముద్రతో మదరాసు చార్టర్ పుట్టింది.

ఈ వంశవృక్షం చూడండి. కుంపిణీ తనంతట తాను పుట్టింది కాదు, 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన చార్టర్‌తో పుట్టింది. ఆ కుంపిణీకి ఈ నేల దొరికింది 1639లో, దామెర్ల వెంకటాద్రి నాయకుడి కౌలుతో. పట్నం పేరు ఆయన తండ్రి చెన్నప్పది. ఆ నాయకుడి పైన చంద్రగిరిలో రాయలవారు. నేల తెలుగు నాయకుడిది, ముద్ర లండన్ వర్తకుడిది, పన్ను బ్లాక్‌టౌన్ వాడిది. అత్తసొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. ఇందులో ఎవరెవరికి ఏమిచ్చారో చరిత్రకారులు బారెడు రాశారు. తీసుకున్నవాణ్ణి ఎవరూ అడగలేదన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

తీసుకున్నవాడికి ఏం దక్కింది? చెబితే కళ్లు చెదురుతాయి. మేయరు ముందు నడవడానికి బంగారు పూత పూసిన రెండు వెండి దండాలు, పొడవు మాత్రం మూడున్నర అడుగులు దాటరాదు. (అధికారాన్ని గజం బద్దతో కొలిచిచ్చిన సర్కారు ఇదొక్కటే.) పండగ పబ్బాలకు ఆల్డర్మెన్‌కు ఎర్ర గౌన్లు, బర్జెసులకు తెల్ల పట్టు గౌన్లు. అది వేడి దేశం కనుక అందుకు తగ్గట్టు కుట్టించుకోమని దయగల సలహా. ఎండలో నెత్తిమీద గొడుగు పట్టించుకునే హక్కు. లండన్ లార్డ్ మేయర్ పద్ధతిలో గుర్రాలెక్కి ఊరేగే హక్కు. గొడుగుకు కూడా చార్టర్ కావాలా అని నవ్వకండి. 2017లో కారు మీద ఎర్రలైటు పోయినప్పుడు మన నాయకులు పడ్డ దుఃఖం గుర్తు తెచ్చుకోండి.

1688 సెప్టెంబరు 29న సెయింట్ జార్జి కోటలో ప్రమాణాలు జరిగాయి. గవర్నరు ఎలిహు యేల్ విందు చేశాడు. (అమెరికాలో విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన యేల్ ఈయనే, ఆయన డబ్బు ఎక్కడ సంపాదించాడో ఆ విశ్వవిద్యాలయానికీ తెలుసు.) మొదటి మేయరు కుంపిణీ కొలువులోని నథానియల్ హిగ్గిన్సన్. పన్నెండుమంది ఆల్డర్మెన్‌లో ఇంగ్లీషువాళ్లు, పోర్చుగీసువాళ్లు, వజ్రాల వ్యాపారం చేసే యూదులు, వాళ్లతోపాటు ముగ్గురు ‘జెంటూలు’, అంటే హిందువులు. చిన వెంకటాద్రి, ముద్దు వీరన్న, అలంగాత పిళ్లై. వెంకటాద్రి ఎవరనుకున్నారు? కుంపిణీకి తొలినాటి దుబాసీ, పెద్దవర్తకుడు బేరి తిమ్మన్నకు తమ్ముడు. ముద్దు వీరన్న కుంపిణీ గుమాస్తాల కలం కింద నలిగి ‘మూడా వెరోనా’గా మారి, ఇటలీ నుంచి దిగినవాడిలా రికార్డుల్లో కూర్చున్నాడు.

తెలుగువాళ్లం ఛాతీ విరుచుకోవచ్చు. మదరాసు మనదే అని వీధులకెక్కడానికి దాదాపు 265 ఏళ్ల ముందే మనవాళ్లు మదరాసు కార్పొరేషన్‌లో ఎర్ర గౌన్లలో కూర్చున్నారు. అక్కడ కూర్చుని వాళ్లు చెయ్యాల్సిన పని ఏమిటంటే, తమవాళ్ల మీద పన్ను వెయ్యడం. ఆ డబ్బుతో టౌన్‌హాలు కట్టాలి, జైలు కట్టాలి, పిల్లలకు ఇంగ్లీషూ లెక్కలూ నేర్పే బడి కట్టాలి. బడిలో ఇంగ్లీషు ఎందుకంటే ఉద్యోగాల కోసం. ఎవరి ఉద్యోగాలో అడక్కండి. ఇప్పటి ‘స్పోకెన్ ఇంగ్లీష్’ బోర్డులకు ముత్తాత ఆ చార్టరే.

చైల్డు ఒక్కచోట పొరబడ్డాడు. గౌను తొడుక్కున్నవాళ్లు మురిశారు కానీ పన్ను కట్టేవాళ్లు మురవలేదు. అయిదు షిల్లింగులు కాదు కదా, ఆరు పెన్నీలకే కసురుకున్నారు. పన్ను సంగతి ముందుకు సాగలేదు. బ్లాక్‌టౌన్ జనానికి రాజనీతి చదువు లేకపోయినా, గొడుగు ఎవరి నెత్తిమీద ఉందో, దాని ఖర్చు ఎవరి నెత్తిమీద పడుతోందో కనిపెట్టే చూపు ఉంది.

ఇక్కడ తెలివైన పాఠకుడు, కుంపిణీ బదులు రాజే స్వయంగా చార్టర్ ఇచ్చుంటే మేలు జరిగేదేమో అంటాడు. ఆ ముచ్చటా తీరింది. 1726లో మొదటి జార్జి రాజు నేరుగా కొత్త చార్టర్ ఇచ్చాడు. ఒక మేయరు, తొమ్మిదిమంది ఆల్డర్మెన్. అందులో ఏడుగురు పుట్టుకతో బ్రిటిష్ ప్రజలై ఉండాలి. చిన వెంకటాద్రి, ముద్దు వీరన్నల వారసులకు ఎర్ర గౌను బెడద కూడా వదిలింది. వర్తకుడిచ్చిన చార్టర్‌లో అలంకారానికైనా మనకు కుర్చీ ఉండేది. రాజుగారిచ్చిన దాంట్లో మన కుర్చీకి పూచీ లేదు.

మధ్యలో రెండు శతాబ్దాల చట్టాలను దాటేస్తున్నాను. అన్నింటిలోనూ ఇచ్చేవాళ్లు మారారు, పుచ్చుకునేవాళ్లను అడగని ఆచారం మారలేదు. 1919 నగర మునిసిపల్ చట్టం తర్వాత మాత్రం ఒక తెలుగు పేరు వినబడుతుంది. కార్పొరేషన్‌కు తొలి భారతీయ ప్రెసిడెంటు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. టి.నగర్‌లో చీరలు కొనే మన ఆడపడుచులు ఆ ‘టి’ ఆయనదని తెలుసుకుంటే సంతోషం.

పూనమల్లి హైరోడ్డు మీద, సెంట్రల్ స్టేషన్ పక్కన తెల్లగా మెరిసే రిప్పన్ భవనం 1913లో తయారైంది. లార్డ్ రిప్పన్ 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానం చేసిన వైస్రాయి. జనం తప్పులు చేస్తూనైనా పాలన నేర్చుకోవాలని ఆయన ఆశ. అందుకని భవనానికి ఆయన పేరు పెట్టి, లోపల పని మాత్రం చైల్డు ఉత్తరం ప్రకారం నడుపుతున్నారు. నా విగ్రహం ప్రతిపాదనకు మూలం ఇదే. తండ్రి పేరు ఒకరిది, పోలికలు మరొకరివి అయినప్పుడు ఇరుగుపొరుగు గుసగుసలాడక ముందే మనమే ఒప్పుకోవడం మర్యాద.

పోలికలు కావాలా? 1973లో మస్టర్ రోల్‌లో, అంటే హాజరు పట్టీలో, అసలు లేని కూలీల పేర్లు రాసి డబ్బు కాజేశారని కుంభకోణం బయటపడింది. కరుణానిధి ప్రభుత్వం కౌన్సిల్‌ను రద్దు చేసింది. అవినీతి బయటపడిన సభను రద్దు చేయడమే న్యాయమైతే దేశంలో ఎన్ని శాసనసభల్లో బల్లలు మిగిలేవో నాకు తెలియదు. ఆ న్యాయం కార్పొరేషన్ దగ్గరే ఆగింది. మళ్లీ ఎన్నిక 1996లో, స్టాలిన్ మేయరైనప్పుడు. మధ్యలో 23 ఏళ్లు. ఈలోపు ఎన్ని ప్రభుత్వాలు మారాయి! ఉదయసూర్యుడి డీఎంకే, రెండాకుల అన్నాడీఎంకే, రాష్ట్రపతి పాలన. బద్ధశత్రువులు ఒక్కమాట మీద నిలిచిన విషయం తమిళదేశంలో ఇదొకటుంది. ఇల్లుగలవాడు ఊళ్లో లేనప్పుడు సామాను సర్దడం సులువు కదా. 1974లో పట్టణ ప్రణాళికకు వేరే అథారిటీ చట్టబద్ధంగా వచ్చింది. 1978లో మంచినీళ్లూ మురుగునీళ్లూ మెట్రోవాటర్ బోర్డుకు వెళ్లాయి. కౌన్సిల్ తిరిగొచ్చేసరికి చెత్త, దోమలు, వీధిదీపాలు మిగిలి ఉన్నాయి. దండం కూడా ఉంది, మూడున్నర అడుగులు.

ఇలా ఏళ్లకేళ్లు ఎగ్గొట్టకూడదనే 74వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. 1993 నుంచి అమల్లో ఉంది. అయిదేళ్లు నిండేలోపు ఎన్నిక జరిపి తీరాలంది. చెన్నై కౌన్సిల్ గడువు 2016 అక్టోబరులో తీరింది. ఎన్నిక 2022 ఫిబ్రవరి 19న జరిగింది. ఆ మధ్య ప్రత్యేకాధికారి పాలన. మన తెలుగు రాష్ట్రాలవాళ్లు నవ్వబోతే ఆగమని మనవి. హైదరాబాదులో 1986 తర్వాత మళ్లీ ఎన్నిక 2002లో. విశాఖలో 2012లో దిగిపోయిన పాలకవర్గం స్థానంలోకి కొత్తది వచ్చింది 2021లో. చైల్డు శిష్యులు భాషాభేదం పాటించరు.

అదే సవరణ పన్నెండో షెడ్యూలులో 18 పనులు రాసి, వాటిని మునిసిపాలిటీలకు ఇవ్వడం మానడం రాష్ట్ర శాసనసభ దయకు వదిలేసింది. ఓరెగన్ రాజ్యాంగం శాసనసభ చేతులు కట్టేస్తే, మన రాజ్యాంగం దాని చేతికే గరిటె ఇచ్చి కొసరి కొసరి వడ్డించమంది. కమిషనర్‌ను పంపేది రాష్ట్ర ప్రభుత్వం, వెనక్కి పిలిచేది రాష్ట్ర ప్రభుత్వం. మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోవాలా, కౌన్సిలర్లు ఎన్నుకోవాలా అన్నదీ వాళ్ల చిత్తమే. 1996లో నేరుగా, 2006లో కౌన్సిలర్లు, 2011లో నేరుగా, 2022లో మళ్లీ కౌన్సిలర్లు. ఎవరి ఓటుతో గెలవొచ్చో అంచనా మారినప్పుడల్లా ప్రజాస్వామ్యం గురించి అభిప్రాయమూ మారుతుంది.

ఇప్పుడు చైల్డు దొర ఆత్మ శాంతించిన ఘట్టం. 2022 మార్చి 4న ఆర్. ప్రియ మేయరయ్యారు. 334 ఏళ్ల కార్పొరేషన్‌కు తొలి దళిత మహిళా మేయరు. ఆ సంతోషంలో నాకూ భాగముంది. ఎర్ర గౌను, గొలుసు, దండం, ఫొటోలు. నెల తిరక్కుండా రాష్ట్ర ప్రభుత్వం ఆస్తిపన్ను పెంచింది. నగరం పాత హద్దుల్లో 600 చదరపు అడుగుల లోపు ఇంటికి 50 శాతం, 1,800 దాటితే 150 శాతం. ప్రత్యేకాధికారి కూర్చున్నప్పుడు పెంచి వెనక్కి తీసుకున్న పన్ను, ఎన్నికైన 200 మంది కౌన్సిలర్లు వచ్చిన నెలలోనే మళ్లీ గుర్తొచ్చింది. నిర్ణయం పైది, తీర్మానం కౌన్సిల్‌ది. తమ మీద తామే వేసుకున్నట్టు ఉంటే అయిదు షిల్లింగులు కడతారని మరి ఎవరన్నారు? ఈసారి బ్లాక్‌టౌన్ కూడా కసురుకుంటూనే కట్టింది, ఆన్‌లైన్‌లో.

1687లో ఒక కంపెనీ ఒక కార్పొరేషన్‌కు అధికారాలిచ్చింది. బాకీ తీర్చుకోకపోతే ఎలా? 2025లో కార్పొరేషన్ రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల చెత్త పనిని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. ఎన్నికైన కౌన్సిల్ ఆమోదంతోనే, అంతా పద్ధతి ప్రకారమే. ఆ రెండు జోన్లలో ఊడ్చేవాళ్లు, జీతం తెగ్గోస్తారు, మమ్మల్ని పర్మనెంట్ చెయ్యండి అంటూ ఆగస్టు 1 నుంచి రిప్పన్ భవనం ఎదుట కూర్చున్నారు. ఆడవాళ్లే ఎక్కువ. చెన్నై పారిశుధ్యం పనిలో తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చిన దళిత కుటుంబాలు ఎన్నో. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. బేరి తిమ్మన్న తమ్ముడి పేరు కార్పొరేషన్ చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. వీళ్ల పేర్లు మస్టర్ రోల్‌లో ఉంటాయి, అదీ కంపెనీ దయ ఉంటే. ఆ భవనం ముందు కూర్చుని తమ పని ఎవరి చేతికివ్వాలో తమను అడగమన్న తెలుగువాళ్లు వీళ్లే. గౌనులవాళ్లకు ఆ ప్రశ్న తట్టినట్టు ఏ రికార్డులోనూ లేదు.

కనుక విగ్రహం విషయంలో ఆలస్యం తగదు. నమూనా నేను చెబుతాను: ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో పగ్గం, పాదాల దగ్గర చిన్న ఎర్ర గౌను. ఆవిష్కరణకు మంత్రులు, మేయరు, కమిషనరు, అన్ని పార్టీల నాయకులు రావచ్చు, ఇందులో ఎవరికీ పేచీ ఉండకూడదు. నగరం నడిబొడ్డున అంత స్థలం ఎక్కడుందని ఇంజనీర్లు నసగబోతారు. రిప్పన్ భవనం ముందు పేవ్‌మెంటు ఉంది. దారికి అడ్డంగా ఉన్నారని కోర్టు ఉత్తర్వు మీద 2025 ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు దాన్ని ఖాళీ చేయించే ఉంచారు.